పాటకు పావలా

“పాలకు నెలచందా, పేపరుకు నెలచందా, కేబుల్ టీవీవాడికి నెలచందా. ఇక పాటలకు కూడానా? విడ్డూరం కాకపోతే!” అని మా ఆవిడ ముక్కుమీద వేలు వేసుకున్నది. 2005వ సంవత్సరం నాటి మాట ఇది.

మా తమ్ముడు అప్పటికి అమెరికాలో ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తున్నది. ఆదివారం పొద్దున్నే – వాడికి శనివారం రాత్రి – ఫోను చేసేవాడు. జీతమూ, వంటా, మంచూ వగైరా విశేషాలన్నీ అయిపోయాక, “ఈ-మ్యూజిక్ అని ఒకటుందన్నయ్యా. నెలకు 9 డాలర్ల 99 సెంట్లు కడితే 40 పాటలు దింపుకోనిస్తారు. దింపుకున్నవి ఇక మనవే. మొన్ననే చేరాను” అన్నాడు.

నేను తెలుగు మేష్టర్ని, లెక్కల్లో దిట్టను కాను. అయినా ఆ పూట లెక్క చకచకా కట్టేశాను. ఆ రోజుల్లో డాలరు 44 రూపాయల చిల్లర. నలభై పాటలకు రమారమి 440 రూపాయలు. పాట ఒక్కింటికి 11 రూపాయలు. అమెరికా లెక్కలో 25 సెంట్లు, అంటే అక్షరాలా పావలా డాలరు. అదే విజయవాడ ఏలూరురోడ్డు పేవ్‌మెంటు మీద 30 రూపాయలు పారేస్తే ఒక్క సీడీలో ఘంటసాల పాటలు 150 వచ్చేవి. పాటకు 20 పైసలు. బేరమాడితే ఇంకా తక్కువ.

“నీకు డాలర్లు ఎక్కువై కాళ్లకు అడ్డం పడుతున్నట్టున్నాయిరా” అన్నాను.

వాడు నవ్వి, “ఆ ముప్ఫై రూపాయల్లో పాట రాసినవాళ్లకీ, పాడినవాళ్లకీ ఎంత ముడుతుందంటావు?” అన్నాడు.

ఫోను బిల్లు వాడిదే గనుక వాదన పెంచుతాడేమోనని భయపడి, నాన్నగారి మోకాలినొప్పి సంగతి ఎత్తుకుని మాట మార్చేశాను.

ఇంతకీ ఏమిటీ ఈ-మ్యూజిక్? పాఠకుల్లో చాలామందికి ఈ పేరు కొత్తగానే ఉండవచ్చు. పాటల వ్యాపారం గత పాతికేళ్లలో ఎన్ని మలుపులు తిరిగిందో చెప్పడానికి మాత్రం దీని కథను మించినది లేదు. అందుకని కొంచెం మొదటినుంచీ చెప్పాలి.

జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధనా సంస్థ ఉన్నది. అక్కడ కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ కలిసి పాటను చిన్న మూటగా కట్టే ఉపాయం ఒకటి కనిపెట్టారు. అదే ఎం.పి.త్రీ. పెళ్లిలో డోలు వాయిస్తున్నప్పుడు పక్కన ఎవరైనా చిటికె వేస్తే మనకు వినపడదు గదా. వినపడని ఆ చిటికెను రాసిపెట్టుకోవడం ఎందుకు, తీసి పారెయ్యమన్నారు. ఇలా చెవికి అందనివన్నీ ఏరి తీసేస్తే పాట బరువు పదోవంతుకు దిగింది. తమ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి వాళ్లు సూజన్ వేగా అనే గాయని పాడిన ‘టామ్స్ డైనర్’ పాటను పదేపదే వాడారు. వాద్యాలేమీ లేకుండా ఒట్టి గొంతుతో పాడిన పాట అది. ఒట్టి గొంతు దగ్గర ఏ చిన్న తప్పు జరిగినా ఇట్టే పట్టుబడిపోతుంది. మన సంగీతం మేష్టర్లు కూడా శిష్యుణ్ణి హార్మోనియం కట్టెయ్యమని అడిగేది అందుకేగా!

మూట చిన్నదయ్యేసరికి దొంగకూ సుళువయింది, దొరకూ సుళువయింది. 1999లో నాప్‌స్టర్ అనేది పుట్టి, ఒకరి కంప్యూటర్లో పాట ఇంకొకరు ఉత్తపుణ్యానికి దింపుకునే దారి తెరిచింది. కోర్టులు 2001లో దాన్ని మూయించాయి. నాప్‌స్టర్ కంటె ముందే, 1998లో, కాలిఫోర్నియాలో గుడ్‌నాయిస్ అనే కంపెనీ ఎం.పి.త్రీ పాటలను డబ్బు పుచ్చుకుని, కళాకారుల అనుమతితో, చట్టప్రకారం అమ్మడం మొదలుపెట్టింది. మరుసటి ఏడే అది ఈ-మ్యూజిక్ అనే పేరు పెట్టుకున్నది. దే మైట్ బి జెయంట్స్ అనే బృందం ఆ ఏడాది ‘లాంగ్ టాల్ వీకెండ్’ ఆల్బంను ప్లేటూ సీడీ ఏమీ లేకుండా అక్కడ మాత్రమే విడుదల చేసింది.

పెద్ద కంపెనీలు మాత్రం దాని ముఖం చూడలేదు. చూడకపోవడానికి కారణం తాళం.

పాటకు తాళం ఉండవలసిందే గదా అంటారేమో! నేను చెప్పేది ఆదితాళం, రూపకతాళం కాదు, కప్పకు వేసే తాళం. ఆపిల్ కంపెనీ 2003 ఏప్రిల్ 28న ఐట్యూన్స్ దుకాణం తెరిచి పాట 99 సెంట్లకు అమ్మింది. కొన్నవాడు ఆ పాటను తన కంప్యూటర్లు కొన్నింటిలోనూ, ఆపిల్ వారి ఐపాడ్‌లోనూ మాత్రమే వినాలి. ఇంకొకరి యంత్రంలో పెడితే నోరు మెదపదు. మైక్రోసాఫ్టు వారి ఎం.ఎస్.ఎన్. మ్యూజిక్ దుకాణంలో ఇంకో రకం తాళం. ఆ దుకాణం మూసేశాక 2008లో, “తాళాలు తీసే యంత్రాన్ని ఆపేస్తున్నాం, ఇకమీదట కొత్త కంప్యూటరు కొనుక్కుంటే మీ పాటలు అందులో పలకవు” అన్న ధోరణిలో కొన్నవాళ్లకు కబురు పంపారు. గగ్గోలు పుట్టేసరికి గడువు మరి మూడేళ్లు పెంచారు. డబ్బిచ్చి కొన్న పాటకు గడువేమిటండీ! ఇల్లు అమ్మినవాడు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, “నేను ఊరు మారుతున్నాను, మీ ఇష్టం” అన్నట్టు లేదూ?

ఈ-మ్యూజిక్ వారు మాత్రం మొదటినుంచీ తాళం వెయ్యలేదు. కొన్న పాట ఏ యంత్రంలోనైనా పలుకుతుంది, చందా మానేసినా పలుకుతుంది. ఈ షరతుకు ఒప్పుకున్నవి చిన్న కంపెనీలే. అప్పట్లో ప్రపంచంలో పాటల కంపెనీలంటే యూనివర్సల్, సోనీ, వార్నర్, ఈ.ఎం.ఐ. అని నలుగురు పెద్దన్నలు. వాళ్ల నీడలో లేనివాళ్లు ఇండిపెండెంట్లు. మనవైపు వారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను. సినిమాతో సంబంధం లేకుండా వచ్చిన పాటలను మన పెద్దవాళ్లు ‘ప్రైవేటు పాటలు’ అనేవారు. ఘంటసాలగారి పుష్పవిలాపం అలా వచ్చిందే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి లలితగీతాలకూ సినిమాతో ప్రమేయం లేదు. అయితే మన ప్రైవేటు పాట సినిమాకు వెలుపలిది, వాళ్ల ఇండిపెండెంటు పాట పెద్ద కంపెనీలకు వెలుపలిది. తేడా అంతే.

ఆ చిన్నవాళ్ల కష్టం ఎలాంటిదో తలుచుకోండి. జాజ్ సంగీతాన్ని ఇష్టపడేవాడు ఊరికి పదిమంది. ఆ పదిమంది కోసం దుకాణంవాడు అలమరలో చోటివ్వడు. ఇంటర్నెట్ దుకాణానికి అలమర అద్దె లేదు, ఊరికి పదిమంది చొప్పున వెయ్యి ఊళ్లవాళ్లు వస్తే పదివేలమంది. అందుకే థెలోనియస్ మంక్, జాన్ కోల్‌ట్రేన్ వంటి మహానుభావుల రికార్డులున్న ఫాంటసీ కంపెనీ లాంటివి పావలాకే పాట ఇవ్వడానికి ముందుకు వచ్చాయి.

మొదట్లో, 2000లో, వీళ్లు పెట్టిన చందాకు హద్దే లేదు. నెలకు పది పదిహేను డాలర్లు కట్టి ఎన్ని పాటలైనా దింపుకోవచ్చు. పెళ్లివారి విడిదిలో వడ్డనలాగన్నమాట! ఎవరు ఎంత తింటున్నారో చూసేసరికి వంటవాడి కళ్లు తిరిగాయి. 2001లో వివెండి యూనివర్సల్ వారు దీన్ని కొన్నారు, 2003లో మళ్లీ అమ్మేశారు. కొత్త యజమానులు రాగానే ఆ సంతర్పణ ఆపి, పది డాలర్లకు 40 అని లెక్క పెట్టారు. పాత చందాదారులు తిట్టిపోశారు. మా తమ్ముడు చేరింది ఆ తర్వాత గనుక వాడికి ఆ దుఃఖం లేదు.

వాడి దుఃఖం వేరే. నెల తిరిగేలోగా నలభై దింపుకోకపోతే మిగిలినవి మురిగిపోతాయి. “నెలాఖరు వచ్చేసిందన్నయ్యా, ఇంకా పదకొండున్నాయి” అని రేషను దుకాణం ముందు కార్డు పట్టుకున్నవాడిలా కంగారుపడేవాడు. ఆ కంగారులోంచే ఒక కక్కుర్తి కనిపెట్టాడు. రెండు నిమిషాల పాటైనా పావలాయే, నలభై నిమిషాల రాగాలాపన అయినా పావలాయే. ఇక చూసుకోండి, జీవితంలో హిందూస్తానీ సంగీతం వైపు తలతిప్పి చూడనివాడు పొడుగ్గా ఉన్నదని ఒక సరోద్ కచేరీ కొన్నాడు. కొన్న పాపానికి విన్నాడు. విని, ఆ ఫోనులో ఇరవై నిమిషాలు దాన్ని గురించే మాట్లాడాడు. పుణ్యం ఏ తోవన వస్తుందో చెప్పలేం.

2007 డిసెంబరులో వాడు పెళ్లికి వచ్చాడు. అరచేతిలో పట్టే ఐపాడ్‌లో వెయ్యిపైన పాటలు. పందిరి కింద కూర్చుని నేను ఒక చెవిలో, మా బావగారు ఒక చెవిలో పెట్టుకుని ఆ సరోద్ విన్నాం. అద్భుతం. “ఇవన్నీ నా కంప్యూటర్లో వేసి వెళ్లరా” అన్నాను.

“ఎన్నిసార్లయినా విను అన్నయ్యా. కాపీ మాత్రం ఇవ్వను” అన్నాడు.

తమాషా చేస్తున్నాడనుకున్నాను. కాదు. తన వాడకానికి మాత్రమే అని ఒప్పుకుని చందా కట్టాడట. తాళం వెయ్యకుండా ఇచ్చారు గనుకనే మాట నిలబెట్టుకోవాలట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొలం పంచుకున్నప్పుడు మా ఇద్దరి మధ్య గట్టు దగ్గర కూడా పేచీ రాలేదు. పాటల దగ్గర వచ్చింది. “అమెరికా వెళ్లి అన్న పరాయివాడయ్యాడు నీకు” అనేశాను. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్నది. పెళ్లిపీటలమీద వాడు నాకేసి సరిగా చూడలేదు, నేనూ చూడలేదు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆదివారం ఫోన్లు మా అమ్మతోనే నడిచాయి.

ఇక్కడ ఈ-మ్యూజిక్ కథ గబగబా ముగిస్తాను. 2007లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తాళాలు వద్దని బహిరంగంగా ఉత్తరం రాశాడు. ఆ ఏడే ఈ.ఎం.ఐ. వారు దారికి వచ్చారు, అమెజాన్ తాళం లేని పాటల దుకాణం తెరిచింది. 2009 నాటికి ఐట్యూన్స్‌లోనూ తాళాలు ఊడాయి. చిన్నవాళ్లు పదేళ్ల కిందట చేసిన పని పెద్దవాళ్లు అప్పుడు చేశారన్నమాట. దాంతో ఈ-మ్యూజిక్‌కు ఉన్న ప్రత్యేకత పోయింది. 2009లో సోనీ వారి పాత పాటలు తెచ్చి, అంతవరకూ పాత రేటున ఉన్న చందాదారులకు కూడా రేటు పెంచేశారు. పావలా కాస్తా అర్ధరూపాయి దాకా వెళ్లింది. మా తమ్ముడు అప్పుడే మానేశాడు. 2010లో యూనివర్సల్ వచ్చేసరికి, మొదటినుంచీ నమ్ముకున్న మెర్జ్, డామినో, బెగర్స్ వంటి చిన్న కంపెనీలే పాటలు తీసుకుని బయటికి నడిచాయి. 2014లో మళ్లీ “మేం చిన్నవాళ్లకే” అని ప్రకటించుకున్నారు గాని, పోయిన పెళ్లివారు తిరిగి వస్తారా? అయితే ఒక్కటి చెప్పాలి. మానేసి పదిహేనేళ్లు దాటినా మా తమ్ముడి రెండువేల పైచిలుకు పాటలూ వాడి దగ్గర ఇప్పటికీ పలుకుతూనే ఉన్నాయి.

మన దేశంలో ఇలాంటిది రాలేదా అంటే, వచ్చింది. ఫ్లిప్‌కార్ట్ వారు 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అనే పేరున తాళంలేని ఎం.పి.త్రీ పాటల దుకాణం తెరిచారు. ఆరు రూపాయలనుంచీ పాటలుండేవి. 2013 జూన్‌లో మూసేశారు. నిండా ఏడాదిన్నర బతకలేదు. మూతపడ్డ వార్త పేపర్లో చదివి, “అయ్యో, మంచి పని చేశారే పాపం” అని కాఫీ తాగాను. ఆ ఏడాదిన్నరలో నేను అక్కడ కొన్న పాటలు సున్న.

ఇక అసలు సంగతికి వస్తాను.

2016లో నేనొక పుస్తకం రాశాను. డిగ్రీ పిల్లలకు ఛందస్సు సులభంగా బోధపడేటట్టు, గణవిభజన అంటే జ్వరం వచ్చేవాడిక్కూడా అర్థమయ్యేటట్టు, మూడు వేసవి సెలవులు దీనికే ధారపోశాను. ప్రచురించేవారు దొరకక స్వంత ఖర్చుతో 500 ప్రతులు వేయించాను. మా ఆవిడ గాజులు చేయించుకుందామని దాచిన సొమ్ములో కొంత అందులోకి పోయింది. వెల 120 రూపాయలు. మూడు నెలల్లో 34 పోయాయి, వాటిలో పన్నెండు నేను బహుమానంగా ఇచ్చినవి.

ఒకనాడు రెండో సంవత్సరం క్లాసులోకి వెళ్లి, “ఉత్పలమాల లక్షణం ఎవరు చెబుతారు?” అంటే చేతులన్నీ లేచాయి. పొంగిపోయాను. బెంచీల మధ్యకు వెళ్లి చూద్దును గదా, ప్రతివాడి ముందూ నా పుస్తకమే, జిరాక్సు తీసి స్పైరల్ బైండింగు చేయించినది! కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో 60 రూపాయలట. ఇరవై ఏడు లెక్కపెట్టాను. కోపంతో నోట మాట రాలేదు. అంతలో ముందు బెంచీ కుర్రవాడు లేచి, ఎంతో భక్తిగా తన జిరాక్సు ప్రతిని నాముందు పెట్టి, “సార్, ఆటోగ్రాఫ్” అన్నాడు.

వాడి ముఖంలో కల్మషం లేదు. నన్ను గౌరవిస్తున్నాననే అనుకుంటున్నాడు.

ఇంటికి వచ్చి చొక్కా విప్పకుండానే మొదలుపెట్టాను. దొంగతనమన్నాను. కాపీరైటు చట్టం 1957లోనే వచ్చిందన్నాను. 63వ సెక్షను కింద ఆరు నెలలనుంచి మూడేళ్ల దాకా ఖైదు వెయ్యవచ్చన్నాను. మా ఆవిడ అంతా విన్నది. గాజుల సొమ్ము ఆవిడది గనుక నాకంటె ఎక్కువ కోపం రావాలి. ఆవిడ లేచి వెళ్లి టీవీ కింది సొరుగు లాగి, రబ్బరుబాండు వేసిన సీడీల కట్ట తెచ్చి బల్లమీద పెట్టింది. ఘంటసాల 150, సుశీల 150, భక్తిగీతాలు 120, ఇళయరాజా రెండు భాగాలు.

“వీటికి ఎన్నేళ్లు?” అన్నది.

అప్పుడు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కిసుక్కున నవ్వింది.

నేను ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. పాట రాసినవాడూ, స్వరం కట్టినవాడూ తమ రాయల్టీ హక్కును ఒక్క సంతకంతో వదిలేసుకోకుండా 2012లో చట్టం సవరించారనీ, దానికోసం కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో పోరాడారనీ చదివి, క్లాసులో పిల్లలకు ఆవేశంగా చెప్పినవాణ్ణి నేనే. కవికి అన్నం పెట్టాలని చెప్పిన నోటితోనే ఏలూరురోడ్డులో, “ముప్ఫై కాదు, పాతికకిస్తావా?” అని అడిగాను. మర్నాడు తమ్ముడికి ఫోను చేశాను. పుస్తకం సంగతి చెప్పాను గాని, తొమ్మిదేళ్లనాటి పెళ్లిపందిరి సంగతి ఇద్దరం ఎత్తలేదు. వాడికి అర్థమైందనే అనుకుంటాను. ఫోను పెట్టేముందు, “నీ పుస్తకాలు పది పంపించన్నయ్యా, ఇక్కడ తెలుగు బడిలో కొంటారు” అన్నాడు.

ఆ సీడీలు పారేశానని రాస్తే బాగుంటుంది. పారెయ్యలేదు. దొరికినవాటిని దొరికినట్టు డబ్బిచ్చి మళ్లీ కొన్నాను. రికార్డు వెలువడిన 60 ఏళ్లకు దానిమీద కంపెనీ హక్కు తీరిపోతుంది గనుక చాలా పాత ప్లేట్ల సంగతిలో కంపెనీల బాధ లేదు, కవి హక్కు మాత్రం ఆయన కాలం చేశాక కూడా అరవయ్యేళ్లు ఉంటుంది. కాని రేడియోలోంచి ఎవరో పట్టుకున్న లలితగీతాలు కొన్ని ఆ డొక్కు సీడీల్లో ఉన్నాయి. నేను వెతికినంతమేరకు అవి ఎక్కడా అమ్మకానికి లేవు. కొందామంటే అమ్మేవాడు లేడు, పారేద్దామంటే చెయ్యి రాదు. ఆ కట్టకు రబ్బరుబాండు అలాగే ఉన్నది.

ఇక్కడ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థవారిని తలుచుకోకుండా ఉండలేను. మోజెస్ ఆష్ అనే ఆయన 1948లో న్యూయార్కులో ఫోక్‌వేస్ అనే చిన్న కంపెనీ పెట్టి, జానపదగేయాలూ, దేశదేశాల సంగీతమూ, కప్పల బెకబెకలూ, రైలుబండి చప్పుళ్లూ సహా 2,168 ఆల్బంలు వేశాడు. అమ్మకం లేదని ఒక్కదాన్నీ జాబితానుంచి తీసెయ్యలేదు. ఆయన 1986లో పోయాక స్మిత్‌సోనియన్ వారు దాన్ని తీసుకునేటప్పుడు, అన్నింటినీ ఎప్పటికీ దొరికేటట్టు ఉంచాలన్నది షరతు. ఏడాదికి ఒక్కడే అడిగినా సరే, ఆ ఒక్కడికీ దొరకాలి. ఇంటర్నెట్‌లో దింపుకునే పద్ధతి వచ్చాక ఆ షరతు చెల్లించడం తేలికయింది. మన ఆకాశవాణి నిలవలన్నీ కూడా ఇలా డబ్బిచ్చి దింపుకునే రోజు వస్తే మొదటి నెల జీతంలో సగం నాది అక్కడే!

ఇప్పుడు అందరూ ఫోనులో వింటూనే ఉన్నారు గదా, దింపుకోవడం ఎందుకు అని అడుగుతారు. స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చింది, తక్కినవీ ఉన్నాయి. మా అమ్మాయి వాటిలోనే వింటుంది, నేనూ కాదనను. కాని అది అద్దెఇల్లు. మా అమ్మ రోజూ పొద్దున పూజవేళ వినే స్తోత్రం ఒకటి, పేరెందుకు గాని, అలాంటి ఒక సేవలో ఉండేది. ఒక శ్రావణమాసంలో ఒకనాటి తెల్లవారు జామున మాయమైంది. కంపెనీకీ వీరికీ ఒప్పందం తీరిపోయి ఉంటుంది. చందా కట్టించుకోవడం మాత్రం ఆపలేదు. మా అమ్మ ఫోను చేతిలో పట్టుకుని, “నేనేమైనా తప్పు నొక్కానట్రా?” అని నాలుగు రోజులు బాధపడింది. ఆ పైన, ఒకసారి వింటే పాటవాడికి ముట్టేది సెంటులో చిన్న ముక్క. ఏడాదికి వెయ్యిసార్లయినా వినబడని పాటకు 2024నుంచి స్పాటిఫైలో ఆ ముక్కా లేదు. పెద్దవాళ్లకు ఫరవాలేదు. చిన్నవాడు ఏమైపోవాలి?

అందుకని నేను బ్యాండ్‌క్యాంప్ అనేదానిలో కొనడం మొదలుపెట్టాను. 2008లో మొదలైన దుకాణం అది. ధర పాటగాడే పెడతాడు, దింపుకునే పాటల మీద నూటికి 15 దుకాణానిది, కార్డు ఖర్చులు పోగా మిగతాది పాటగాడిది. ఇష్టమైతే అడిగినదానికంటె ఎక్కువ కూడా ఇవ్వవచ్చు. ఎక్కువిచ్చేవాడుంటాడా అని నవ్వకండి, ఉన్నారు. 2020లో కరోనాతో కచేరీలు ఆగిపోయినప్పుడు, మార్చి 20 శుక్రవారంనాడు దుకాణం తన వాటా వదులుకున్నది. ఆ ఒక్క రోజే జనం 43 లక్షల డాలర్ల సరుకు కొన్నారు. తర్వాత కొన్ని నెలల్లో మొదటి శుక్రవారాలు అలా వదిలేస్తూ వచ్చారు. ఈ దుకాణమూ 2022లో ఒకసారి, 2023లో ఒకసారి చేతులు మారింది, సిబ్బందిలో సగంమందిని తీసేశారు కూడాను. ఏ దుకాణమూ శాశ్వతం కాదు. కొని దింపుకున్నది మాత్రం మన పెట్టెలో ఉంటుంది.

శుక్రవారం దగ్గర మా ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. శుక్రవారంనాడు దీపాలవేళ డబ్బు బయటికి ఇవ్వకూడదని మా అమ్మ పట్టు. “పాటవాడికి మొత్తం ముట్టేది ఇవాళేనమ్మా!” అంటే వినదు. తీరా చూస్తే వాళ్ల శుక్రవారం అమెరికా పడమటి తీరం లెక్క. మనకు శుక్రవారం మధ్యాహ్నం మొదలై శనివారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. కాబట్టి శనివారం పొద్దున కాఫీ తాగి కొంటాను. అక్కడ శుక్రవారం, ఇక్కడ శనివారం. ఇద్దరమూ గెలిచాం.

అలా కొన్నవాటిలో రాజస్థాన్ సారంగి విద్వాంసుడు లాఖా ఖాన్ ఆల్బం ఒకటి. ఢిల్లీలోని అమరస్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వేసింది. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. మా అమ్మకూ రాదు. మొదటిసారి పెట్టినప్పుడు ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెయ్యి ఆపి, “ఎవర్రా ఈయన? ఎవరో పోయినట్టు పాడుతున్నాడు” అన్నది. ఆ పూట కూర ఆలస్యమైంది.

జిరాక్సు షాపు సంగతి చెప్పలేదు కదూ? పోట్లాడదామనే వెళ్లాను. అతను నన్ను చూసి కంగారుగా స్టూలు వేసి, “మాస్టారూ, మీ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో పిల్లలకు తెలియదండీ. ఒక అమ్మాయి తెచ్చి తియ్యమంది, తర్వాత అందరూ అడిగారు. అసలు పుస్తకం ఇక్కడ పెడితే నేనే అమ్మనూ?” అన్నాడు. నిజమే. నా పుస్తకం కావాలంటే మా ఇంటికి రావాలి, మా ఇంటికి రావడమంటే నాచేత గురువులూ లఘువులూ అడిగించుకోవాలి. ఎవడు వస్తాడు? వెల 80కి తగ్గించి, పుస్తకానికి 15 రూపాయలు అతనికిచ్చేటట్టు మాట్లాడుకుని యాభై ప్రతులు పెట్టి వచ్చాను. రెండేళ్లలో ఇంట్లో అటక ఖాళీ అయింది. జిరాక్సులు ఆగాయా అంటే పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు ఫోనులో ఫొటోలు తీసుకుంటున్నారు.

పోయిన సంక్రాంతికి తమ్ముడు వచ్చాడు. నా దగ్గర సారంగి విన్నాడు, ఒక చెవిలో వాడూ, ఒక చెవిలో వాళ్ల అబ్బాయీ. “బాగుందన్నయ్యా, నా ఫోనుకి పంపించు” అన్నాడు.

“ఎన్నిసార్లయినా వినరా. పంపించను” అన్నాను.

వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే, వంటింట్లోంచి మా అమ్మ గరిటెతో సహా వచ్చి ఏమైందని అడిగింది. ఆ రాత్రే వాడు స్వయంగా కొనుక్కున్నాడు. అడిగిన ధరకంటె రెండు డాలర్లు ఎక్కువే వేశాడట.